డ్రిల్లు మాస్టారు చెప్పకుండా పోయిన సాక్ష్యం

మా డ్రిల్లు మాస్టారు పోయారన్న కబురు నాకు చెప్పింది మా తమ్ముడి కేసు చూసే లాయరు గారు. పొద్దున్నే ఫోన్ చేసి, నిద్రలోనే గుండె ఆగిందట అన్నారు. వెంటనే గొంతు తగ్గించి, "ఇలా అనకూడదు గానీ అమ్మా, ఒక రకంగా మనకు మంచే జరిగింది. వీడియోలో మస్తాన్‌ను గుర్తుపట్టిన సాక్షి ఆయనొక్కరే. ఇక కేసు నిలవదు" అన్నారు. నేను సరేనండీ అన్నాను. అంత మాటకు సరేనండీ అని ఫోన్ పెట్టేసిన మనిషిని నేను. ఆ సిగ్గు భరించలేకే ఇది రాస్తున్నాను.

మాస్టారు మా టౌను హైస్కూల్లో ముప్పై ఏళ్లు ఆటలు నేర్పారు. నాకూ ఆయనే, నాకన్నా ఏడేళ్లు చిన్నవాడైన మా తమ్ముడు మస్తాన్‌వలీకీ ఆయనే. మా నాన్న మార్టూరు దగ్గర గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో పనిచేసి, ఒంటినిండా తెల్లటి దుమ్ముతో ఇంటికి వచ్చేవాడు. ఆడపిల్ల పరుగుపందేలకు వెళ్లడమేంటని మా అమ్మ నన్ను ఇంట్లో కట్టేస్తే, మాస్టారు మా గుమ్మంలోకి వచ్చి, "పరుగెత్తితే ఏమవుద్దమ్మా, చెమట పట్టుద్ది, అంతే కదా" అన్నారు.  ఆ ఏడు నేను పరుగెత్తాను. అన్నిట్లోనూ ఓడిపోయాను, అది వేరే సంగతి.

ఓడిపోయినా నాకు దిగుల్లేదు, ఎందుకంటే ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక పల్లీ ఉండ ఉండేది. అది గెలిచినవాడికి కాదు, అందరికన్నా చివర వచ్చినవాడికి. మొదటివాడికి చప్పట్లు ఎలాగూ ఉంటాయి, చివరివాడికి కూడా ఏదో ఒకటి ఉండకపోతే వాడు రేపు గ్రౌండుకు రాడు, గోడెక్కి రాళ్లేస్తాడు అనేవారు. అప్పుడు మేమంతా నవ్వాం.

ఎవరైనా కొట్టుకుంటే బెత్తం పట్టేవారు కాదు. మర్నాడు పొద్దున్నే ఆ ఇద్దరి చేతా గ్రౌండంతా సున్నంతో గీతలు గీయించేవారు. "తప్పు చేసినవాడికి పని చెప్పాలిరా, పేరు పెట్టకూడదు" అనేవారు. పేరు పెడితే ఆ పేరు వాడు చచ్చేదాకా మోస్తాడని ఆయన భయం. ఇప్పుడు నేనూ తెలుగు టీచర్నే, నా తరగతిలో పిల్లల్ని 'మొద్దు వెధవా' అనబోయి నేను ఎన్నిసార్లు నాలిక్కరుచుకున్నానో ఆ మాట వల్లే.

మస్తాన్ ఆయనకు ముద్దుల శిష్యుడు. వాడికి బల్లెం విసరడం నేర్పారు. భుజంతో కాదురా, నడుంతో విసరాలి, ఎడంచెయ్యి గుండెకు లాక్కో అని కొన్ని వందల సార్లు చెప్పి ఉంటారు. వాడు జిల్లాలో బహుమతి తెచ్చిన రోజు మాస్టారు వాణ్ని స్కూటర్ ముందు నిలబెట్టుకుని బజారంతా తిప్పారు. డిగ్రీ అయ్యాక వాడికి ఒకటే పిచ్చి పట్టింది, కానిస్టేబుల్ అవ్వాలని. వాడొక్కడికే కాదు, ఈ మిర్చి, పత్తి ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు నలభై యాభైమందికి అదే పిచ్చి. పొలం కౌలుకు కూడా గిట్టదు, తెలిసిన నౌకరీ ఇదొక్కటే. తెల్లారేసరికి జూనియర్ కాలేజీ గ్రౌండులో పరుగెత్తేవాళ్లు. రిటైరైన మాస్టారు పైసా తీసుకోకుండా గడియారం పట్టుకుని నిలబడేవారు.

నాలుగేళ్ల కిందట మిర్చి సీజన్లో ఆ గ్రౌండు గేటుకు తాళం పడింది. లోపల లారీలు నిలపడానికి ఎవరికో ఇచ్చారు. పిల్లలు హైవే పక్కన పరుగెత్తడం మొదలుపెట్టారు, పదోరోజున ఒక పిల్లాణ్ని వ్యాను గుద్ది కాలు విరిగింది. వాళ్లేం వెంటనే రాళ్లు పట్టుకోలేదు. అర్జీ రాసుకుని ఎమ్మార్వో ఆఫీసుకు వెళ్లారు. మళ్లీ రాశారు. మూడోదాని మీద మాస్టారు కూడా సంతకం పెట్టారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. పరీక్ష చూస్తే వాయిదా మీద వాయిదా, వయసు చూస్తే ఆగదాయె.

నాలుగోసారి సోమవారం అర్జీల రోజున వెళ్లి మిట్టమధ్యాహ్నం దాకా ఎండలో కూర్చున్నారు. చివరికి ఒక పోలీసాయన వచ్చి మీ లీడరెవడ్రా అన్నాడు. లీడరెవరూ లేరండి, గ్రౌండు కావాలండి అన్నాడు ముందున్న పిల్లాడు. చెంప ఛెళ్లుమంది. ఆ దెబ్బ ఎవరి ఫోన్లోనో పడి, గంటలో టౌనంతా తిరిగింది. సాయంత్రానికి బస్టాండు దగ్గర చేరిన గుంపులో గ్రౌండు మొహం చూడనివాళ్లే సగం. కొందరికి పాత కక్షలు, కొందరికి వినోదం, కొందరు తాగి ఉన్నారు. షాపుల అద్దాలు పోయాయి, బస్సుల అద్దాలు పోయాయి. అద్దంకి నుంచి వచ్చిన బస్సులో కూర్చున్న ఒక ముసలామెకు నుదురు పగిలి కుట్లు పడ్డాయి. మా వాడు ఏం చేశాడో దాచను. ఆ బస్సు మీద రాయి వేసింది వాడే.

మూడో రోజు సీఐ గారు స్కూలు మాస్టార్లు ఇద్దరినీ, రిటైరైన మా మాస్టారినీ పిలిపించి ఆ రాళ్ల గొడవ వీడియో చూపించారు. పిల్లల మొహాలకు కర్చీఫులున్నాయి. మిగతా ఇద్దరూ మాకు కళ్లు ఆనవండి అని నీళ్లు నమిలారు. మా మాస్టారు మాత్రం తెర మీదకు వంగి, "అది మా మస్తాన్ విసురు" అన్నారట. పిలిచి మందలిస్తారు, అంతే అనుకున్నారు. సీఐ గారు అలాగే చెప్పారట, టీ కూడా ఇప్పించారట. ఆ సాయంత్రమే మస్తాన్‌ను పట్టుకెళ్లారు. నలభై రోజులు జైల్లో ఉన్నాడు. బయటికొచ్చేసరికి వాడి పేరున రౌడీషీటు తెరిచి ఉంది.

నేను మాస్టారింటికి వెళ్లాను. చెప్పులు కూడా విప్పలేదు. "మీకు వాడు గుర్తొచ్చాడా మాస్టారూ, వాడి విసురు గుర్తొచ్చిందా?" అని అడిగాను.  ఆయన తల దించుకుని అన్నమాట ఇది: "అబద్ధం చెబుదామనుకునేలోపే నోరు జారిందమ్మా. ఆ విసురు చూడగానే ముందు సంతోషమేసింది. ఎంత బాగా విసిరాడు అనుకున్నా. ఆ సంతోషమే వాడి కొంప ముంచింది." నేను ఇంకా నాలుగు మాటలని వచ్చేశాను. రెండేళ్లు ఆయనతో మాట్లాడలేదు. మా నాన్న, ఆయన బజార్లో ఎదురైతే పక్క సందులోకి తిరిగిపోయేవాడు.

రౌడీషీటు ఉన్నవాళ్లు ప్రతి ఆదివారం స్టేషనుకు వెళ్లి కనపడాలి. మా వీధి చివర టీ కొట్టు దగ్గర మాస్టారు నిలబడి ఉండేవారు. మస్తాన్ వెళ్తుంటే వెనకే నడిచి, స్టేషను బెంచీ మీద వాడి పక్కన కూర్చునేవారు. మొదట్లో మా వాడు మొహం తిప్పుకునేవాడు. మాస్టారు ఆదివారం మాత్రం మానలేదు. ముగ్గురు సీఐలు మారారు, ముగ్గురికీ ఆయన ఒకటే పాఠం చెప్పారు. రాయి వేసినవాడికి శిక్ష వద్దని నేననను, పగిలిన అద్దం వాడి కూలి డబ్బుతో వేయించండి, దెబ్బ తిన్న మనిషి ముందు నిలబెట్టండి, బస్టాండు ఊడ్పించండి, కానీ ఉద్యోగం దారి మూయకండి, దారి మూస్తేనే కదా మొన్న రాళ్లు లేచింది అనేవారు. ఎఫ్ఐఆర్‌లో నిందితుల పేర్ల చివర 'మరికొందరు' అని రాయడం మీద ఆయనకు మహా కోపం. ఆ ఒక్క మాటతో టౌన్లో కుర్రాడున్న ప్రతి ఇంటికీ జ్వరం పట్టించారు అనేవారు. అర్జీ ఇచ్చిన రోజున ఒక్క ఆఫీసరు బయటికొచ్చి పది నిమిషాలు కూర్చుని ఉంటే ఇంతమంది పోలీసులు ఎందుకండీ, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కాకపోతే అనేవారు. రెండో సీఐ గారు మంచాయన, అన్నీ విని, నా చేతుల్లో ఏముంది మాస్టారూ అన్నారట.

దెబ్బ తిన్న ముసలామె ఊరు కనుక్కుని మస్తాన్‌ను తీసుకెళ్లింది కూడా మాస్టారే. ఆమె అరగంట ఏకధాటిగా తిట్టిందట. తిట్టి తిట్టి, "ఇన్నాళ్లకి ఒక్కడొచ్చాడు. ఒక్క ఆఫీసరన్నా రాలేదు, రాయేసినోడే వచ్చాడు" అందట. ఆ రాత్రి మస్తాన్ అన్నం ముందు కూర్చుని ఏడ్చాడు. మర్నాడు నేను మాస్టారింటికి వెళ్లి, చెప్పులు విప్పి లోపలికి నడిచాను.  ఆయనే, రావమ్మా టీచరమ్మా, మీ పిల్లలు ఛందస్సు నేర్చుకుంటున్నారా, నిన్నే తిప్పలు పెడుతున్నారా అని ఎగతాళి చేశారు.

కేసు విచారణకు వచ్చింది. మాస్టారికి సమన్లు అందాయి. గుర్తుపట్టలేదని చెప్పమని లాయరు గారు బతిమాలారు. నేనూ బతిమాలాను. ఆయన కాళ్ల మీద పడటం ఒక్కటే తక్కువ. మాస్టారు ఒప్పుకోలేదు.

"అబద్ధం చెప్పనమ్మా. కానీ వాళ్లు అడిగినంతే చెప్పి దిగిపోను. ఆ విసురు నేను నేర్పింది, మొహం నేను చూడలేదు, నా దగ్గర నేర్చుకున్న పిల్లలంతా అలాగే విసురుతారు అని చెబుతా. గేటుకు తాళం వేసిందెవరు, మూడు అర్జీలు ఏమయ్యాయి, ఆ చెంపదెబ్బ ఎవరిది, అవి కూడా రాసుకోమంటా. అద్దం పగిలిన లెక్కొక్కటే ఉంటే ఎలా?"

ఇందులో సగం మస్తాన్‌కు మేలు, సగం ముప్పు అని లాయరు గారు తల పట్టుకున్నారు. నాకు మాత్రం నాలుగేళ్లలో మొదటిసారి ఆశ పుట్టింది. టౌను మొత్తం కలిసి చేసిన తప్పు, తిలాపాపం తలా పిడికెడు, అది ఒక మనిషి నోట కోర్టులో పలుకుతుందని ఆశ. ఆ వాయిదాలోపే ఉద్యోగాల నోటిఫికేషన్ రానే వచ్చింది. మస్తాన్‌కు వయసు దాటిపోయింది. వాడిప్పుడు కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాలు మోస్తున్నాడు. ఆ సంగతి తెలిసిన రోజు మాస్టారు మా అరుగు మీద చీకటి పడేదాకా కూర్చుని లేచి వెళ్లిపోయారు.

పది రోజులకే ఆయన పోయారు. మేం వెళ్లేసరికి మస్తాన్ గేటు బయటే ఆగిపోయాడు. మాస్టారి భార్య వాణ్ని చూసి, "రా నాయనా. వారం నుంచి స్నానాల గదిలో గట్టిగా సాక్ష్యం చెప్పుకుంటున్నార్రా. నీ వాయిదా గురించే మాట్లాడి పడుకున్నారు" అంది. వాడు లోపలికి వెళ్లి ఆయన పాదాల దగ్గర కూర్చున్నాడు. పాడె లేచేదాకా వాణ్ని అక్కణ్నుంచి కదపలేకపోయాం.

చదువుతున్నవాళ్లకు చెప్పేదేమంటే, సాక్షి లేడు గనుక కేసు పోతుంది. దానితోపాటు ఆ తాళం, ఆ అర్జీలు, ఆ చెంపదెబ్బ కూడా పోతాయి, ఏ కాగితం మీదా ఉండవు. గ్రౌండులో ఈ సీజనూ లారీలే ఉన్నాయి. హైవే పక్కన ఇప్పుడు కొత్త పిల్లలు పరుగెత్తుతున్నారు.  నేను చేయగలిగింది ఇంతే, ఆయన చెప్పాలనుకున్నది ఇలా రాసిపెట్టడం.

మొన్న వాయిదాకు వెళ్లాం. మాస్టారు పోయిన కబురు ఇంకా కోర్టు కాగితాల్లోకి ఎక్కలేదు, లాయరు గారు ఆ రోజే మెమో ఇవ్వాలి. మమ్మల్ని నోరు మెదపవద్దన్నారు. బంట్రోతు వరండాలోకి వచ్చి మాస్టారి పేరు పిలిచాడు. గారు లేదు, ఏం లేదు, ఉత్త పేరు. రెండోసారి పిలిచాడు. ఎవరూ పలకకపోతే నా తమ్ముడు బతికిపోతాడు. ఆ క్షణాన నేను ఎవరూ పలక్కూడదనే కోరుకున్నాను, దాచను. మూడోసారి పిలిచేసరికి నా పక్కనున్న మస్తాన్, చేతులు కట్టుకుని నేల వైపు చూస్తూ, "వస్తున్నారండి" అన్నాడు.

లాయరు గారు వాడి మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. బంట్రోతుకు ఏం తెలుసు, తొందరగా రమ్మనండి అని, తలుపు పట్టుకుని మెట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. మేమూ అటే చూశాం.