సీటు కింద మిగిలిన నీలం చెప్పులు

కొండలెక్కి తప్పిపోయినవాళ్ల కథలంటే నాకు పిచ్చి. ఆఫీసు క్యాంటీన్లో అన్నం కలుపుకుంటూ అవే వీడియోలు చూస్తాను. సంచి దొరుకుతుంది, మనిషి దొరకడు. ఇక కింద కామెంట్లలో తలకో కారణం. చిరుత లాక్కెళ్లిందని ఒకరు, అప్పులవాళ్లకు భయపడి తానే మాయమయ్యాడని ఒకరు, గ్రహాంతరవాసులని మరొకరు. నా సిద్ధాంతం మాత్రం ఎప్పుడూ ఒకటే: బుద్ధిలేకపోవడం. ఇరవై ఏళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పరుల తప్పులు పట్టి జీతం తీసుకుంటున్నదాన్ని, ఇంకోలా ఎలా ఆలోచిస్తాను?

మా ఆయనకు విసుగొచ్చింది. "ఒక్క కొండైనా ఎక్కినావా నువ్వు? ఒడ్డున కూర్చోని ఎన్ని కబుర్లయినా చెప్పొచ్చులే" అన్నాడు. మాది ప్రొద్దుటూరు. మాట పడితే నిద్ర పట్టదు. ఆ సాయంత్రమే ఒక ట్రెక్కింగ్ గ్రూపులో పేరు రాయించుకున్నాను. వికారాబాద్ వైపు అడవి, ఒక్క రోజు, మనిషికి పద్నాలుగు వందలు, టిఫిను భోజనం అందులోనే.

శనివారం పొద్దున అయిదున్నరకు నల్లగండ్లలో మా అపార్ట్‌మెంట్ గేటు ముందు నిలబడ్డాను. మియాపూర్‌లో బయల్దేరిన రెండు టెంపోలు పది నిమిషాల ఆలస్యంగా వచ్చాయి. నేను మొదటిదాంట్లో ఎక్కాను. కాళ్లకు పాత నీలం చెప్పులు, చేతిసంచిలో కొత్త బూట్లు. గోపన్‌పల్లిలో చివరి ముగ్గురూ ఎక్కాక మొత్తం ఇరవై నాలుగు మందిమి అయ్యాం. గ్రూపు నడిపే కిరణ్‌ది భీమవరం. ప్రతి మాటకూ అండీ, ప్రతి పనికీ వాట్సాప్ మెసేజ్. "మెసేజ్ చూసినవాళ్లు బొటనవేలు గుర్తు పెట్టేయండి, చాలండి" అన్నాడు. ఐటీ వాళ్లకు అది చెప్పాలా? ఇరవై నాలుగు బొటనవేళ్లు క్షణంలో లేచాయి.

ఏడింటికి చేవెళ్ల దాటాక టిఫిను. ఇడ్లీ వేడిగా ఉంది, చట్నీ మాత్రం నీళ్లు. ఎనిమిదీ పదికి కొండ కిందికి చేరాం. బూట్లు వేసుకుని దిగబోతుంటే మా డ్రైవర్ అడ్డం నిలబడ్డాడు. పేరు యాదయ్య, యాభై దాటి ఉంటాయి, తాండూరు దగ్గరి మనిషి.

"ఎవరి చెప్పులు ఆల్ల సీటు కిందనే ఇడిసి పోవాలె. సంచుల ఏసుకోవద్దు" అన్నాడు.

"ఇదేమన్నా గుడినా అన్నా?" అన్నాను. అందరూ నవ్వారు.

"గుడి కాదమ్మా, నా లెక్క. జాతర్లకు బండ్లు నడిపినోన్ని. మనుషులను లెక్కపెడితే కదులుతరు. చెప్పులు కదలవు."

నాకు చిరాకేసింది. మట్టి చెప్పులు సంచిలో వేసుకుంటే ఈయనకేం నష్టం? గొణుక్కుంటూనే సీటు కింద పెట్టి దిగాను.

ఎక్కడం బాగుంది, అబద్ధం చెప్పను. వానలు తగ్గిన కొత్త, కొండంతా పచ్చగా ఉంది. నాకు ముందు నడిచే అమ్మాయికి నా సిద్ధాంతాలన్నీ వినిపించాను. తప్పిపోయేవాళ్లలో చాలామంది దారి పక్కకు పది అడుగులు వేసినవాళ్లే అని, దారి తప్పితే ఉన్నచోటే కూర్చోవాలని. ఆ పిల్ల పాపం, "అవునా మేడం" అంటూ ఓపిగ్గా వింది. పదిన్నరకు పైకి చేరి, పదకొండుకు దిగడం మొదలుపెట్టాం.

సగం దిగాక నాకు ఒంటేలు ముంచుకొచ్చింది. ఎవరికైనా చెప్పి వెళ్లాలి. కానీ ముందూ వెనకా మగపిల్లలు, ఆఫీసుల్లో రోజూ చూసేలాంటి ముఖాలు. చచ్చేంత సిగ్గు. బూటు లేసు కట్టుకుంటున్నట్టు వెనకబడి, పొదల్లోకి దిగాను. పది అడుగులు చాలు. కానీ గొంతులు వినిపిస్తున్నంతసేపూ ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ లోపలికి పోయాను.

లేచి చూస్తే దారి లేదు. వచ్చిన వైపే నడిచాననుకున్నాను. ఒక చెదల పుట్ట కనిపించింది. పావుగంట నడిచాక మళ్లీ అదే పుట్ట. ఉన్నచోటే కూర్చోవాలని లోకానికంతా చెప్పిన మనిషిని కదా, కూర్చున్నానా? లేదు. కాళ్లు ఆగితే ఒట్టు. మడమలు బొబ్బలెక్కినా నడుస్తూనే ఉన్నాను.

పన్నెండుంబావుకు ఫోన్‌కు ఒక్క గీత సిగ్నల్ వచ్చింది. మెసేజ్‌లు బిలబిలమని పడ్డాయి. అన్నిటికంటే కింద కిరణ్ మెసేజ్. నా బొటనవేలు దానంతట అదే కదిలి గుర్తు పెట్టేసింది. ఆ తర్వాత చదివాను: "అందరూ బండి దగ్గరికి వచ్చేశారా అండీ?"

ఓరి దేవుడా! మేనేజర్ ఏం పంపినా చదవకముందే బొటనవేలు పెట్టే ఇరవై ఏళ్ల అలవాటు. తీసేద్దామని, ఫోన్ చేద్దామని చూస్తే సిగ్నల్ పోయింది. వచ్చేశానని నా చేత్తో నేనే చెప్పాను. ఇక నన్నెవరు వెతుకుతారు? రెండు బండ్లు, ఇందులో లేకపోతే అందులో ఉందనుకుంటారు. మా పాప పదో తరగతి. దానికి జడ వేసి రాలేదు ఆ పొద్దున. తిరిగి తిరిగి ఆ పుట్ట దగ్గరికే వచ్చి, పక్కన కూలబడి ఏడ్చాను. నా వీడియో కింద ఎవరో "బుద్ధిలేకపోవడం" అని రాస్తారని కూడా అనిపించింది.

కింద ఏం జరిగిందో తర్వాత కిరణే చెప్పాడు. రెండో బండి అప్పటికే ఊళ్లో భోజనానికి కదిలింది. మా బండిలో నా సీటు ఖాళీగా ఉంటే, "మేడం ఆ బండిలో ఎక్కుంటారండి, గుర్తు పెట్టారు కదా, పదండి" అన్నాడట. యాదయ్య తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడట.

"గుర్తు గిర్తు నాకు తెల్వదు సార్. చెప్పులు ఈడనే ఉన్నయ్. చెప్పులు ఇడిసి ఏ బండెక్కుతది?"

ఆ బండికి ఫోన్ చేస్తే నేను అక్కడ లేను.

నాకు మొదట హారన్ వినిపించింది. కొండకు తగిలి నాలుగు వైపుల నుంచీ వస్తున్నట్టుంది. ఎటు పరిగెత్తాలో తెలియక ఈసారి నిజంగానే కూర్చున్నాను. గంట గడిచిందో, ఇంకా ఎక్కువో. అప్పుడు ఒక గొంతు.

"ఓ నీలం చెప్పులమ్మో! నీలం చెప్పులమ్మా!"

నా పేరు తెలియదు ఆయనకు. పిలుపు మాత్రం సూటిగా నాకే. "ఇక్కడున్నా అన్నా!" అని గొంతు చిరిగేలా అరిచాను.

పొదలు తప్పించుకుంటూ యాదయ్య వచ్చాడు, వెంట మేకలు కాచే ఒక పెద్దాయన. యాదయ్య చేతిలో నా చెప్పులు. నా కాళ్ల ముందు పెట్టి, "బూట్లిడువు చెల్లె, కాళ్లు పుండ్లయినయ్. ఇగ ఫికర్ లేదు" అన్నాడు. ఆ మట్టి చేతులు రెండూ పట్టుకుని ఏడ్చేశాను.

"ఈ కొండల ఒక తీగ ఉంటదమ్మా, దాటినోళ్లకు దారి మరుపొస్తది. అదే దాటినవేమో" అన్నాడు పెద్దాయన. నేను విన్న కారణాలన్నిటిలోకీ మనిషిని తక్కువ చెయ్యని కారణం అదొక్కటే. అవును తాతా, దాటానేమో అన్నాను. అడుగులెక్కన చూస్తే దారి అక్కడికి మూడు వందల అడుగులు కూడా లేదు.

రెండున్నరకు బండి దగ్గరికి చేరాం. మా బండివాళ్లెవరూ అన్నం తినలేదు. కిరణ్ ముఖం పాలిపోయింది. "తప్పు నాదేనండి" అంటాడు. వికారాబాద్‌లో పప్పు, వంకాయ, పెరుగు పెట్టారు. ఎప్పుడూ అంత ఆకలిగా తినలేదు. తిరుగు ప్రయాణంలో నేను ఎందుకు తప్పిపోయానో తలా ఒక సిద్ధాంతం చెప్పడం మొదలుపెట్టారు. ఫొటోల కోసమని ఒకరు, ఎండ దెబ్బని ఒకరు. ఇక లాభం లేదని లేచి నిలబడి, "ఒంటేలుకు పోయినాను. చెప్పడానికి సిగ్గుపడినాను. అంతే" అన్నాను. వెనక సీటులోంచి ఆ ఓపికమ్మాయి, "నేను పొద్దుటినుంచీ నీళ్లే తాగలేదు మేడం, అందుకే" అంది. కొండలెక్కడానికి వెళ్లే ఆడవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: నీళ్లు తాగండి, నోరు తెరిచి చెప్పి వెళ్లండి.

సాయంత్రం ఆరుంబావుకు నల్లగండ్లలో దింపారు. దిగుతూ యాదయ్య నంబరు అడిగి రాసుకున్నాను. ఇంట్లోకి వెళ్లేసరికి మెసేజ్: "అందరూ ఇళ్లకు చేరారా అండీ?" బొటనవేళ్లు వరసగా లేస్తున్నాయి. నేను ఆ గుర్తు పెట్టలేదు. యాదయ్యకు ఫోన్ చేశాను.

"అన్నా, చేరినాను."

"చెప్పులు ఇడిసినవా?"

గుమ్మం దగ్గర చూశాను. మా పాప చెప్పుల పక్కన నావి.

"విడిచినానన్నా."

"అట్లయితే చేరినవ్ చెల్లె" అన్నాడు.