నేను చదివి పెట్టిన పులుసు

మధురవాడలో మా ఫ్లాటు సర్దుతుంటే అటక మీది ట్రంకుపెట్టెలోంచి ఆ వంటల పుస్తకం బయటపడింది. తెరవగానే ఇంగువ, కలరా ఉండలు, చెమ్మెక్కిన కాగితం కలగలిసిన వాసన. అట్ట మీద పట్టుచీర కట్టుకుని, చెమటంటే ఏమిటో ఎరగని గృహిణి ఒకావిడ గరిటె పట్టుకుని నవ్వుతోంది. పదేళ్ల వయసులో ఆవిడంటే నాకెంత ఆరాధనో ఇప్పుడంత ఒళ్లుమంట.

అమ్మా నాన్నా ఇద్దరూ సముద్రం ఒడ్డున జాలరిపేటలో పుట్టినవాళ్లే. నాన్నకి ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగమొచ్చి టౌన్‌షిప్ క్వార్టరుకి మారినా మా ఆదివారాల వంట మాత్రం పేటలోనే ఉండిపోయింది. ముసురు రోజుల్లో అమ్మమ్మ తట్టలో పెట్టుకుని బస్సెక్కి తెచ్చే కానాగడత చేపలు, ఎండాకాలం పుల్ల మామిడి ముక్కలు పడ్డ కోనాం చేప పులుసు, మట్టి దాక కింద సన్నటి సెగ, నాలుగు వీధుల అవతల తొక్కుడుబిళ్ల ఆడుతున్నా ముక్కు పట్టుకుని ఇంటికి లాక్కొచ్చే మెంతుల ఘాటు, మేం వగరుస్తూ వచ్చేసరికి పొయ్యి ముందు అమ్మ అరచేతిలో నాలుగు చుక్కల పులుసు వేసుకుని, చప్పరించి, కళ్లు మూసుకుని, మళ్లీ చిటికెడు ఉప్పు విసరడం. ఎంత వెయ్యాలని ఎవరైనా అడిగితే ఆవిడ దగ్గర ఒకటే జవాబు.

"సెయ్యి సెప్తాది."

ఆ చేతి నోరు మూయించడానికే నాన్న పుస్తకం కొన్నాడు. అందులో కూరలతో పాటు అతిథుల్ని ఏ వైపు కూర్చోబెట్టాలి, రుమాళ్లు తామరపువ్వులా ఎలా మడవాలి, భర్త ఇంటికి రాగానే ఇల్లాలి ముఖం ఎలా ఉండాలి అన్నీ ఉన్నాయి. అమ్మకి చదువు రాదు. నేను చదివితే ఆవిడ చేసేది. చిరిగిన వలలు కుట్టిన వేళ్లు కాబట్టి తామరపువ్వు రెండు నిమిషాల్లో మడిచేసింది, నాన్న దాన్ని చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. అరచేతిలో రుచి చూడ్డం మాత్రం ఎంగిలి పని, మానెయ్యమన్నాడు. అమ్మమ్మని కూడా క్వార్టరుకి రావద్దన్నాడు, వీధి వీధంతా చేపల తట్ట చూస్తోందట. తను పుట్టింది ఎక్కడో ఆ మనిషి ఎంత త్వరగా మరిచిపోయాడో తలచుకుంటే నాకిప్పటికీ అసహ్యమే. కానీ ఆయన్ని తిట్టే అర్హత నాకుందా అన్నది వేరే సంగతి.

ఒక ఆదివారం నాన్న తన ఆఫీసర్నీ ఆయన భార్యనీ భోజనానికి పిలిచాడు. చేపల పులుసు కూడా పుస్తకంలో ఉన్నట్టే చెయ్యాలన్నాడు. మర్యాదగా గడిస్తే అమ్మమ్మని మళ్లీ రానిస్తానని మాటిచ్చాడు. అమ్మ ఆ వారమంతా గాల్లో తేలింది.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే నా స్నేహితురాలి పుట్టినరోజు. కేకు ఉంది, బుడగలున్నాయి, రేడియోకి బదులు కొత్త టేప్‌రికార్డర్ ఉంది. నాకు కొత్త గౌను కూడా ఉంది. అమ్మ వెళ్లనివ్వలేదు.

"నువ్వెల్లిపోతే నాకు పుస్తకం ఎవలు సదువుతారే?" అంది.

నేను గౌను విప్పి, పుస్తకం పట్టుకుని, గడప మీద కూర్చుని చదివాను. ఉప్పు రెండు టీ చెంచాలు అని ఉంది. ఐదు పెద్ద చెంచాలు అని చదివాను. పొరపాటు కాదు. అక్షరాలు నాకు శుభ్రంగా కనిపిస్తున్నాయి.

అమ్మ మూడో చెంచా దగ్గర ఆగింది. చెయ్యి గాల్లోనే ఉంది.

"ఎక్కువైపోదేటే?"

"పుస్తకంలో అలాగే ఉంది మరి."

దాకలోకి ఒకసారి చూసింది, తన అరచేతిని ఒకసారి చూసుకుంది, మిగతా రెండు చెంచాలూ వేసేసింది.

ఆఫీసర్ గారు మొదటి ముద్దకే మంచినీళ్ల గ్లాసు ఎత్తారు. ఆయన భార్య పలచగా నవ్వి, సముద్రం మనుషులు కదా, ఉప్పుకేం కొదవ అంది. నాన్న ఆవిడ కంటే గట్టిగా నవ్వాడు. వాళ్లు వెళ్లాక తలుపేసి, దాక తెచ్చి అమ్మ ముందు పెట్టాడు.

"సేసినావు కదా, తిను."

అమ్మ అన్నం కలుపుకుని తింది. రెండోసారి కూడా వడ్డించుకుంది, ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు గనక. ఆవిడ కళ్లలో నీళ్లు ఏడుపువో ఉప్పువో నాకు తెలియలేదు. నాన్న నావైపు తిరిగి ఏం చదివావని అడిగాడు. ఒక్క మాట చెబితే సరిపోయేది.

"సరిగ్గానే చదివాను," అన్నాను.

అమ్మ తలెత్తి, "పిల్ల సరిగ్గానే సదివింది. సెంచాలు లెక్కెట్టడం నాకే రాలేదు," అంది.

అమ్మమ్మ మళ్లీ మా గడప తొక్కలేదు. అమ్మే నెలకోసారి బస్సెక్కి పేటకి పోయి చూసొచ్చేది. ఒక వానాకాలం, దారిలో బస్సు ఆగిపోయి, తను చేరేసరికి తల్లిని కాటికి తీసుకెళ్లిపోయారు.

నాన్న పోయి చాలా ఏళ్లయింది. అమ్మ నా దగ్గరే ఉంటోంది. ఇప్పుడు చేపలు కడిగి, ముక్కలు కోసి, కవర్లో పెట్టి గుమ్మం దగ్గరికే తెచ్చిస్తున్నారు, కానాగడతలకి వాసన కూడా లేదు. అమ్మ వంట శుభ్రంగా, కొలతగా, ఎవరింట్లోనైనా తినే వంటలా ఉంటుంది. ఆ ఆదివారం తర్వాత ఆవిడ అరచేతిలో పులుసు వేసుకోవడం నేను చూడలేదు.

పుస్తకం దొరికిన రోజే వంటింట్లోకి వెళ్లి చెప్పేశాను. ఉప్పు లెక్క మార్చి చదివాననీ, కావాలనే చదివాననీ, అమ్మమ్మని రాకుండా చేసింది నేనేననీ చెప్పాను. ఏడ్చాను కూడా. పొయ్యి మీద పులుసు ఉడుకుతోంది. అమ్మ నన్ను జాలిగా చూసింది.

"పోన్లే, ఏడవకు. నీకు సదువొచ్చు గదా, తప్పెందుకు సదువుతావు? నన్ను ఓదార్సడానికి సెప్తన్నావు."

మళ్లీ చెప్పాను. తల అడ్డంగా ఊపింది. ఉప్పు డబ్బా మూత తీసి, చెంచా పట్టుకుని, నావైపు తిరిగింది.

"ఎన్నెయ్యాలో సెప్పు."