చేతులే వదిలేసినాయి

మా అక్క చెంగమ్మ తన కూతురు రంజితను మా గుడియాత్తంలోనే సిస్టర్లు నడిపే కాన్వెంటులో చేర్చినప్పుడు ఊరంతా మెచ్చుకుంది. నేనూ మెచ్చుకున్నాను. అబద్ధమెందుకు, ఆ పిల్ల ఇంగ్లీషు, ముత్యాల్లాంటి రాత, అడిగినదానికి లేచి నిలబడి జవాబు చెప్పే తీరు, అన్నీ అక్కడివే. వేలూరులో నర్సింగు సీటు వచ్చిందంటే ఆ బడి పుణ్యమే. కానీ వాళ్లు ఇంకొకటి కూడా నేర్పారు.

బడి పక్కనే ఉన్న చర్చిలో మధ్యాహ్నం పన్నెండుకు గంట కొడతారు. గంట వినగానే ఎక్కడివాళ్లు అక్కడే ఆగాలి. చేతిలో ఉన్నది వదిలేసి, రెండు చేతులూ జోడించి, కళ్లు మూసుకుని ప్రార్థన చెప్పుకోవాలి. కదిలితే ఎండలో మోకాళ్ల మీద కూర్చోబెడతారు. మేం హిందువులమే అయినా బడి నియమం అందరికీ ఒకటే. ఒకటో తరగతిలో రంజిత ఒకసారి కదిలింది. మళ్లీ ఎప్పుడూ కదల్లేదు.

తంటా ఇంట్లో మొదలైంది. సెలవుల్లో ఒకనాడు పొయ్యి మీద నుంచి పాలగిన్నె దించుతుంటే చర్చి గంట మా ఇంటిదాకా వినపడింది. పిల్ల గిన్నె వదిలేసి చేతులు జోడించింది. మరిగే పాలు పాదం మీద పడ్డా ప్రార్థన అయ్యేదాకా కళ్లు తెరవలేదు.

"ఏమ్మే, పిచ్చి పట్టిందా నీకు? కాలు కాలతా ఉంటే తెలీలేదా?" అని అరిచాను.

"నేను వదల్లేదు చిన్నమ్మా. చేతులే వదిలేసినాయి," అంది ఏడుస్తూ.

మా అక్క మాత్రం ఎంత భక్తో చూడు అని మురిసిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. అది భక్తి కాదు, భయం. ఆ తేడా మా అక్కకు చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది.

మొన్న శనివారం రంజిత వేలూరు నుంచి వచ్చింది. చివరి సంవత్సరం ప్రాక్టికల్ పరీక్ష అయిపోయిందట. పసిబిడ్డకు స్నానం చేయించాలి. బిడ్డంటే రబ్బరు బొమ్మే. పరీక్ష పెట్టడానికి వేరే కాలేజీ నుంచి ఆరోకియమేరి అనే మేడం వచ్చిందట. గదిలో వాళ్లిద్దరే.

"బొమ్మ తల కింద చెయ్యి పెట్టి నీళ్లలోకి దించినాను చిన్నమ్మా. అప్పుడే పన్నెండయి పక్క చర్చిలో గంట కొట్టినారు."

"అయ్యో! బొమ్మ?"

"నేను కండ్లు తెరిచేసరికి టబ్బు అడుగున బోర్లా ఉండాది."

"ఇంకేముంది, ఫెయిల్ చేసిందా ఆ మేడం?"

రంజిత పకపకా నవ్వింది. "ఆమె చూస్తే కదా! ఆమె కూడా కాన్వెంటులో చదివినదే. చేతులు జోడించి కండ్లు మూసుకోనుండాది. ఆమె సిలువ గుర్తు వేసుకునే లోపల బొమ్మని తుడిచి తువ్వాల్లో చుట్టేసినా. నా చెయ్యి శానా మెత్తన అనింది. సోమవారం నుంచి పసిబిడ్డల వార్డులో వేసినారు."

నాకు నవ్వు రాలేదు. "ఆ వార్డుకు చర్చి గంట వినపడతాదా?"

"కిటికీ తెరిస్తే ఎదురుగానే గంట. బడిలో ఉన్నట్టే ఉంటాది," అంది సంబరంగా.

"పోయి నిజం చెప్పు తల్లీ. ఆ వార్డు వద్దను."

"చెప్తే ఇన్నేండ్ల చదువు ఏమైపోవాల? నిజం బిడ్డయితే వదల్నులే చిన్నమ్మా," అంది. పాదం మీద పాలు పడిన మచ్చ ఇంకా అలాగే ఉంది.

నేనే కాలేజీకి చెప్తానని ఫోను తీశాను. అక్క నా చేతిలోంచి లాగేసుకుంది. "నా బిడ్డ బతుకులో మన్ను పోస్తావా? నీ కడుపుమంటకి ఒక దండం!" అంది. మనిషి అంతమాట అన్నాక ఏం చేస్తాం! ఆ మర్నాడే పిల్ల బస్సెక్కి వెళ్లిపోయింది.

సోమవారం పన్నెండుకు గుడియాత్తంలో గంట మోగింది. వేలూరులోనూ అదే వేళకు కొడతారు. నేను చేతిలో ఉన్న చెంబు గట్టిగా పట్టుకుని నిలబడిపోయాను. మా అక్క వంటింట్లోంచి తల బయటపెట్టి నవ్వింది.

"నా బిడ్డ ఇప్పుడు చేతులు జోడించుకోనుంటాది," అంది.