జిడ్డు పెట్టె పక్కన అసిరయ్య

నగరేశ్వరరావుగారికి చెడ్డ అలవాట్లేవీ లేవు, ఒక్కటి తప్ప. మనిషి లేకుండా ఫొటో తియ్యరు. విజయనగరంలోని ఆయన హోటల్లో గ్రైండరు చెడిపోతే, మెకానిక్కి పంపే ఫొటోలో గ్రైండరు పక్కన వంటమాస్టరు అసిరయ్య ఉండాలి. కరెంటు మీటరు ఫొటో పంపమంటే, మీటరు పక్కన ఆయన భార్య భాగ్యవతిగారు పట్టుచీర కట్టుకుని నవ్వుతూ ఉండాలి. ఇదేం పిచ్చండీ అని ఎవరైనా అంటే, "మనిషి లేని ఫొటో ఏటి సేసుకుంటాం? గోడకి తగిలించుకోడానిక్కూడా పనికిరాదు" అనేవారు. మీటరు ఫొటోని ఏ గోడకి తగిలించారో మహానుభావుడు ఎప్పుడూ చెప్పలేదు.

ఆ వేసవి చివర్న ఈ పిచ్చి హోటలు పీకలమీదికే వచ్చింది. వంటింటి పొగని లాగి పారేసే పెద్ద ఫ్యాను డాబా మీద ఉంది. పొగతో వచ్చే నూనె జిడ్డు పట్టడానికి దాని కింద ఒక రేకు పెట్టె. ఆ పెట్టె తుప్పు పట్టి చిల్లుపడింది. జిడ్డు డాబా అంతా పాకి, వాననీళ్ల గొట్టంలోంచి పక్కింటి ప్రసూనాంబగారి మెట్లమీదికి దిగింది. ఆవిడ పిల్లలకి వయొలిన్ నేర్పుతారు. మహతి అనే పిల్ల ఆ మెట్ల మీద జారి, వయొలిన్ని మాత్రం పైకెత్తి పట్టుకుని తను చతికిలబడింది.

ప్రసూనాంబగారు వచ్చారు. "రావుగారూ, మీ ఇడ్లీలు తింటూ మిమ్మల్ని తిట్టలేను. కానీ వానలు పడితే జిడ్డంతా నా గుమ్మంలోకే వస్తుంది. అప్పుడిక పిల్లల్ని రావద్దనాలి. పాఠాలు లేకపోతే నాకు గడిచేదెలాగో మీరే చెప్పండి."

రావుగారి కూతురు సింధూరి విశాఖలోని సర్వీసు కంపెనీకి ఫోను చేసింది. పాడైనదేమిటో రాసి, ఫొటోలు కూడా పంపితే మనుషుల్ని పంపుతామన్నారు.

"ఫొటోలు నాకొదిలీ" అన్నారు రావుగారు.

మొదటి ఫొటో నిండా భాగ్యవతిగారే. ఫ్యాను మూత ఆవిడ కొప్పు వెనక కిరీటంలా కాస్త కనబడుతోంది. రెండోదాంట్లో అసిరయ్య, చేతులు కట్టుకుని, చిల్లుకి సరిగ్గా అడ్డంగా. మూడోదాంట్లో హోటలు సిబ్బంది యావన్మందీ జిడ్డు మరక మీదే బారులు తీరారు. కంపెనీ నుంచి జవాబొచ్చింది: "మీ కుటుంబం చాలా బాగుంది సార్. ఇంతకీ పాడైనదేమిటి?"

"సూసినావా, బాగుందన్నారు" అన్నారు రావుగారు.

"నాన్నా, ఆకాశం సూడు, మబ్బు పట్టీసింది. ఆ ఫోనిలా ఇయ్యి."

ఫోను లాక్కుని సింధూరి డాబా ఎక్కింది. అలవాటు కొద్దీ అసిరయ్య వచ్చి పెట్టె పక్కన నిలబడబోయాడు. "తప్పుకో మావా" అంది. ఫ్యాను, పెట్టె, మరక, గొట్టం, అన్నీ విడివిడిగా తీసి, చక్కగా రాసి పంపించింది. అమ్మయ్య అనుకునేలోగా ఫోను మోగింది.

"బాబూ, ఫొటో వచ్చినాది గాని మావోడి మొగం నీడలో పడిపోనాది. మరొకటి తియ్యి బాబూ."

"ఎవరండీ మీరు? ఇది మా నాన్న ఫోను, నేను ఆయన కూతుర్ని."

"భావనపాడు నుంచి తల్లీ. అసిరయ్య అమ్మని. సేపలేటకి పడవెక్కనన్నాడని ఆడ్ని నోటికొచ్చినట్టు తిట్టీసినాను. ఇల్లొదిలి ఎల్లిపోనాడు. నాతో మాటాడడు. ఆడెలాగున్నాడో నాకు సూపించాలని మీ నాన్న ఏదో వంక పెట్టి ఆడ్ని నిలబెడతాడు. ఆడికి సెప్పకమ్మా, తెలిస్తే మరి నిలబడడు."

సింధూరి అక్కడే పిట్టగోడ మీద కూర్చుండిపోయింది. అసిరయ్యని ఒక్కడినే తీస్తే అనుమానం వస్తుందని అమ్మకి పట్టుచీర కట్టించి మీటరు పక్కన నిలబెట్టాడన్నమాట ఈయన. ఊరంతా నవ్వుతుంటే తనూ కలిసి నవ్వాడు. తండ్రి మీద ఆమెకి ఎక్కడలేని ప్రేమ ముంచుకొచ్చింది, ఇన్నాళ్లూ తనక్కూడా చెప్పనందుకు కాస్త ఒళ్లు మండింది కూడా.

అంతలో కంపెనీ జవాబు: "ఫొటోలు అందాయి. పెట్టె ఎంత పెద్దదో తెలియడం లేదు. పక్కన ఎవరినైనా నిలబెట్టి తీయండి."

"అసిరయ్య మావా, ఇలా వచ్చి నిలబడు."

"ఇప్పుడే గదా తప్పుకోమన్నావు."

"కంపెనీవోళ్లు మనిషి కావాలంటన్నారు." ఆ హోటల్లో ఆ మాట నిజంగా నిజమవడం అదే మొదలు. "తలెత్తు. మొగం కనబడాల."

"పెట్టె కొలతకి నా మొగమెందుకు?"

"నాకేటి తెలుసు, అడిగినారు. నవ్వు."

నవ్వాడు. ఆ ఫొటో విశాఖా వెళ్లింది, భావనపాడూ వెళ్లింది.

మర్నాడు పొద్దున్నే మనుషులొచ్చి కొత్త పెట్టె బిగించి, డాబా కడిగి వెళ్లారు. సాయంత్రం వాన దంచికొట్టింది. గొట్టంలోంచి తేటనీళ్లు దిగాయి. ప్రసూనాంబగారింట్లో పిల్లలు వయొలిన్లు కీచుకీచుమనిపిస్తున్నారు. తండ్రీ కూతుళ్లు గల్లాపెట్టె దగ్గర కూర్చుని హాయిగా వింటున్నారు.

అప్పుడు భావనపాడు నుంచి ఫోనొచ్చింది. రావుగారే తీశారు.

"ఆడి మొగం ఎంత తేటగా ఉన్నాదో బాబూ. నీ కన్నా నీ కూతురే బాగా తీసింది."

రావుగారు ఫోను పెట్టేసి కూతురి వంక ఓరగా చూశారు. "వెలుతురు కుదిరింది, అంతే" అని గొణిగారు. వాన వెలిసిందో లేదో డాబా ఎక్కేసి, వంటింట్లోకి కేకేశారు.

"ఒరే అసిరయ్యా, కొత్త పెట్టెకి గారంటీ రావాలంటే పక్కన మనిషుండాలంట, పైకి రా."