కోపం తగిలిన తాపె

పాతకాలపు తినుబండారాలూ బొమ్మలూ దొరికే బెంగ సంత మొదలయ్యే రోజు పొద్దున్నే సుమిరా తన బుట్టను మూడుసార్లు వాసన చూసింది. పక్క కొట్టు నాది. రేకు పడవలు, వెదురు బూరలు అమ్ముతాను. ఆమె కంగారు చూస్తూ నా పడవలు నేను సర్దుకోలేకపోయాను.

"ముర్నీ, పుల్లవాసన వస్తోందా?"

"తాపెకు తాపె వాసన రాక మల్లెపూల వాసనొస్తుందా?"

"నీకు వేళాకోళంగానే ఉంటుంది. ప్రాణం పోతున్నది నాకు."

నిజమే. జిగురుబియ్యం ఉడికించి, ఆరబెట్టి, తోడుబిళ్ళ పొడి చల్లి, అరటాకుల్లో చుట్టిపెడితే మూడోనాటికి తీపినీరు ఊరి తాపె అవుతుంది. పొడి చల్లే మనిషి నోరు విప్పకూడదు, మనసులో కోపం అసలే ఉండకూడదు. ఉంటే అన్నం ఎర్రబడి పులిసిపోతుందని మా అమ్మమ్మల నాటి మాట. గడువుకు ముందు పొట్లం విప్పి చూడటానికీ లేదు. సుమిరా, వాళ్లక్క పోనియెం నలభై ఏళ్లుగా ఆ కట్టు తప్పలేదు. అక్క చల్లేది, చెల్లెలు చుట్టేది. ఈసారి అక్క మణికట్టు బెణికింది. చల్లే పని కూడా చెల్లెలి మీదే పడింది.

మూడురోజుల కిందట, సరిగ్గా ఆమె చెయ్యి పొడిలో ఉండగా పోనియెం వంటింట్లోకి ఊడిపడింది. సంతలో మా కొట్లకు కట్టిన బోర్డులు ఎవరో ఫోన్లో చూపించారట.

"సుమిరా తాపె అని రాయించుకున్నావా? అమ్మ ఎవరి చేతికి నేర్పిందే ఈ పని?"

"దరఖాస్తు పట్టుకుని వారం రోజులు తిరిగిందెవరు? నువ్వా? ఒక్క పేరే రాయమన్నారు, రాశాను. కుళ్లు కాకపోతే ఏమిటిది!"

అంత మాటా అనేశాక సుమిరా తన చెయ్యి చూసుకుంది. పొడి అన్నం మీద పడిపోయింది. మళ్లీ వండటానికి గడువు లేదు. ఆ రోజునుంచి అక్కాచెల్లెళ్ల మధ్య మాటల్లేవు. నాకైతే ఇద్దరినీ కలిపి ఒకే చాపలో చుట్టిపెట్టాలనిపించింది.

సంత నడిపేవాళ్లు తొలిరోజు కొట్టుకొట్టుకూ వచ్చి రుచి చూస్తారు. పాత రుచి తప్పితే వచ్చే ఏడు ఆ చోటు ఇంకొకరిది. చోటు పోతే పోయె, నలభై ఏళ్లుగా నిలిచిన అమ్మ చేతి రుచి తన చేతిలో చచ్చిందంటారని సుమిరా భయం. వాళ్లు నాలుగు కొట్ల అవతల గంజి తాగుతూ కనబడగానే ఆమె బుట్టను తన వెనక్కి లాక్కుంది.

అంతలో చేతికి గుడ్డ కట్టుకుని పోనియెం వచ్చింది. నా పీట లాక్కుని కూర్చుంది.

"ఒక పొట్లం ఇటు పడెయ్."

ఆకుకు గుచ్చిన పుల్ల సుమిరా లాగితే ఊడిరాలేదు. అక్కే పంటితో లాగి విప్పింది. ఒక ముద్ద నోట్లో వేసుకుంది. రెండో పొట్లం అందుకుంది. ఆ తర్వాత మూడోది.

"చెప్పవే అక్కా! ఎందుకిలా చంపుతావు?"

పోనియెం ఆకు మడిచి పక్కన పెట్టింది. ఆమె కళ్లలో నీళ్లు చూసి, పులిసిందన్నమాటే అనుకున్నాను.

"తియ్యగా ఉందే," అంది. "మూడురోజులుగా నాకు ముద్ద దిగలేదు. ఇది పులిస్తే, నీ మనసులో నా మీద నిజంగానే కోపం ఉందని తేలిపోతుంది కదా అని."

"అరిచింది నోరక్కా," అంటూ సుమిరా నేలమీద కూలబడి ఏడ్చింది.

సంతవాళ్లు వచ్చి రుచి చూశారు. "పాత రుచే! ఎవరి చెయ్యమ్మా ఇది?" అని అడిగారు.

అక్క చెల్లెల్ని చూపించింది. చెల్లెలు అక్కను చూపించింది.