మా బావ ఒప్పుకున్న ఒకే ఒక్క తప్పు

మా బావకి తప్పు ఒప్పుకోవడం చేతకాదు. కొందరికి ఈత రాదు, కొందరికి సైకిలు రాదు, ఈయనకి ఇది రాదు. మా అక్కయ్యని పెళ్లి చేసుకుని ముప్పై ఒక్క ఏళ్లయింది. ఈ ముప్పై ఒక్క ఏళ్లలో ఆయన నోట "పొరపాటైంది" అన్న మాట విన్నవాళ్లు లేరు. ఎవరైనా విన్నామంటే వాళ్లు వెంటనే చెవులు చూపించుకోవాలి.

నా ఖర్మ చూడండి. నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. పొద్దున్నించి సాయంత్రం దాకా పరాయివాళ్ల తప్పులు పట్టుకుంటే తప్ప నాకు జీతం రాదు. తీరా ఇంటికి వస్తే, జన్మలో తప్పే చేయని మనిషి ఎదురుగా కూర్చుని టీ తాగుతుంటాడు. ఆరేళ్లుగా వాళ్ల మేడ మీద గదిలో ఉంటున్నాను కాబట్టి నోరు మూసుకుని నేనూ టీ తాగుతాను.

రిటైరయ్యేదాకా బావ బస్సు నడిపాడు. ఒకసారి వంతెన దగ్గర ఎడమకి తిరగాల్సిన బస్సుని కుడికి తిప్పి, నలభై మందిని గంటన్నర తరవాత తీసుకెళ్లి సముద్రం ఒడ్డున దింపాడు. అందులో సగం మంది ఆస్పత్రికి బయల్దేరినవాళ్లు.

"ఇదేమిటి డ్రైవరుగారూ, ఇక్కడికి తీసుకొచ్చారు?" అని కండక్టరు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు.

బావ తాపీగా అద్దం సర్దుకుని, "రోగులకి గాలి మార్పు మంచిది" అన్నాడు.

పైవాళ్లు సంజాయిషీ అడిగితే నాలుగు పేజీలు రాసిచ్చాడు. అది చదివి వాళ్లు అసలు రూటునే మార్చేద్దామా అని ఆలోచనలో పడ్డారట. ఇది బావ స్వయంగా చెప్పిన మాట కాబట్టి మీకు నచ్చినంత తగ్గించుకోవచ్చు.

అలాంటి మనిషి రిటైరయ్యాక ఖాళీగా కూర్చుంటే ఊరికి మంచిదే గానీ, కూర్చోలేదు. ఇంటి వెనక పెరడు మీద పడ్డాడు. చలి వెనక్కి తగ్గి, జామచెట్టు చిగుళ్లు వేసే రోజులు రాగానే ఆయన చేతికి సుత్తి వస్తుంది. ఆ చప్పుడు వినగానే మా అక్కయ్య ఆరేసిన బట్టలు తీసి లోపల పెట్టుకుంటుంది.

మొదటి ఏడాది బెండ మడిలో పిట్టల్ని బెదరగొట్టడానికి దిష్టిబొమ్మ నిలబెట్టాడు. పాత యూనిఫాం చొక్కా తొడిగి, రెండు చేతులూ బారుగా చాపి కట్టాడు. మర్నాడు పొద్దున్నే చూస్తే ఒక చేతి మీద ఏడు పిచ్చుకలు, రెండో చేతి మీద నాలుగు గోరింకలు తీరిగ్గా కూర్చున్నాయి. ఒకటి జేబులో దూరి చూస్తోంది.

"పిట్టలు భయపడటం లేదేమిటండీ?" అంది అక్కయ్య.

"ఎందుకు భయపడాలి? పాపం, ఎగిరి ఎగిరి అలిసిపోతాయి. కాసేపు కూర్చోవడానికి ఉంటుందనే పెట్టాను" అన్నాడు బావ.

రెండో ఏడాది పిచ్చుకల కోసం చెక్కతో గూడు చేసి జామచెట్టుకి తగిలించాడు. దానికి కోసిన కంత పిచ్చుకకేమిటి, పిల్లికి కూడా సరిపోతుంది. వారం తిరక్కుండా ఉడత కాపురం పెట్టేసింది. "పిచ్చుకలు ఎక్కడైనా బతుకుతాయిరా. ఇళ్లు లేనిది ఉడతలకే" అని నాకు జ్ఞానబోధ చేశాడు.

పోయినేడు కోడిని పొదగేసినప్పుడైతే మరీ ఘోరం. ఎక్కడినుంచో తొమ్మిది గుడ్లు తెచ్చి కోడి కింద పెట్టాడు. అక్కయ్యకి అనుమానం వచ్చింది.

"ఇవి కోడిగుడ్లేనా? పెద్దవిగా ఉన్నాయేమిటి?"

"మేలు జాతి."

ఇరవై ఒక్క రోజులు గడిచాయి. ఒక్క గుడ్డూ కదల్లేదు. అక్కయ్య మళ్లీ అడిగింది. మేలు జాతి తొందరపడదన్నాడు. ఇరవై ఎనిమిదో రోజున గుడ్లు పగిలి, అట్లకాడల్లాంటి ముక్కులేసుకుని తొమ్మిది బాతుపిల్లలు బయటికొచ్చాయి. బావ వాటి వంక చూశాడు, అవి బావ వంక చూశాయి.

"బాతులు కావాలనే పెట్టాను. ముందే చెబితే మీరు పెట్టనివ్వరని చెప్పలేదు" అన్నాడు చివరికి.

మూడో రోజు ఆ తొమ్మిదీ వరసగా వెళ్లి నీళ్ల తొట్టిలోకి దూకాయి. వాటిని కన్నానని నమ్మిన కోడి తొట్టి చుట్టూ తిరుగుతూ కొంపలు మునిగినట్టు ఏడ్చింది. సరిగ్గా అప్పుడే పక్కింటి గోడ మీద నుంచి మామ్మగారి తల పైకి లేచింది.

"ఏమోయ్ డ్రైవరూ! కోడి ఏడుస్తోంది, బాతులు ఈదుతున్నాయి, నువ్వు నవ్వుతున్నావు. ముగ్గుర్లో మతి లేనిది ఎవరికయ్యా?"

ఈ మామ్మగారు పక్కింటి టైలరమ్మకి అత్తగారు. వయసులో ఉండగా కోళ్ల ఫారంలో పని చేసింది. గుడ్డుని దీపానికి అడ్డం పెట్టి, ఇది పిల్లవుతుందో లేదో చెప్పేస్తుంది. నడవలేని పిల్లని అరచేతిలో పెట్టుకుని కాసేపు ఊదిందంటే అది లేచి పరిగెడుతుంది. బావని పట్టుకుని "నీకేం తెలీదు, పక్కకి తప్పుకో" అనగలిగిన మనిషి ఈ భూమ్మీద ఆవిడ ఒక్కతే.

అయితే ఈ మధ్య ఆవిడకి మరుపు మొదలైంది. కళ్లజోడు పిండి డబ్బాలో దొరికింది. కోడల్ని ఎప్పుడో పోయిన తన చెల్లెలి పేరుతో పిలిచింది. నీళ్లు పోయకుండానే గిన్నె పొయ్యి మీద పెట్టి, రెండు సార్లు మాడ్చింది. టైలరమ్మ ముందు గదిలో మిషను దగ్గర కూర్చుంటే తప్ప ఇల్లు గడవదు. ఆవిడ భర్త పొద్దున పోతే చీకటి పడ్డాకే రావడం. ఒకరోజు గోడ దగ్గర నిలబడి మా అక్కయ్యతో చెప్పుకుని కళ్లు తుడుచుకుంది.

"ఇంకొక్కసారి ఇలాంటిది జరిగితే అత్తయ్యని మా మరిది ఇంటికి పంపించేస్తాను వదినా. నాకేం సరదా కాదు. అక్కడ పగలంతా ఇంట్లో మనిషి ఉంటుంది. మూడో అంతస్తు, కిటికీలకి చువ్వలు. ఎటూ పోయే భయం లేదు."

"నేను భయపడేది దానికేనే అమ్మాయ్" అని లోపల్నుంచి మామ్మగారి గొంతు వినిపించింది. "కిటికీ చువ్వల మీద కోళ్లని పెంచుకోనా?"

అప్పుడు బావ గట్టు మీద కూర్చుని గునపానికి పట్టిన మట్టి గీకుతున్నాడు. దేనికైనా అడక్కుండా సలహా ఇచ్చే మనిషి నోరు మెదపలేదంటే నేను అప్పుడే అనుమానించాల్సింది.

ఈ ఏడు మామ్మగారి కోడి పద్నాలుగు పిల్లల్ని లేపింది. నిజంగా కోడిపిల్లల్నే. రెండిళ్లకీ మధ్య గోడ కాస్త కూలిన చోట, రెండు వైపులవాళ్లూ చూసుకునేలా బావ ఒక చెక్క పెట్టె చేశాడు. పైన వల, లోపల వెచ్చదనానికి ఒక బల్బు, ముందు తలుపు, తలుపుకి గొళ్లెం. ఆ తలుపు తిరగేసి బిగించడం వల్ల లోపలికి తెరుచుకుని పిల్లల్ని నెట్టేసేది. "లోపలికి తెరుచుకుంటేనే పిల్లలు వెనక్కి తగ్గడం నేర్చుకుంటాయి" అన్నాడు. మామ్మగారు తిట్టి మళ్లీ బిగింపించింది. పొద్దున పిల్లల్ని వదలడం బావ పని. మధ్యాహ్నం రెండింటికి నూకలేసి, లోపలికి తోలి, గొళ్లెం పెట్టడం మామ్మగారి పని. ఆ పని కోసం ఆవిడ పదకొండింటి నుంచే కర్ర పట్టుకుని తయారుగా కూర్చునేది.

ఆ ఆదివారం భోజనాలవగానే బావ నన్ను పట్టుకున్నాడు. చెట్టు మీది గూడు వాలిపోయింది, నిచ్చెన పట్టుకోమన్నాడు. "ఎంతసేపు బావా?" అంటే "రెండు నిమిషాలు" అన్నాడు. ఒంటిగంటకి పట్టుకున్న నిచ్చెన మూడయినా వదల్లేదు. ఆయన పైన మేకు కొడుతున్నాడు, అది వంకర పోతోంది, మేకులు తయారుచేసే వాళ్లకి పని రాదంటున్నాడు. ఉడత కొమ్మ చివర కూర్చుని ఇద్దర్నీ తిడుతోంది. నా చేతులు లాగేస్తున్నాయి.

అంతలో టైలరమ్మ కేక పెట్టింది.

నిచ్చెనా గూడూ వదిలేసి పరిగెత్తాం. ముందు గదినిండా కోడిపిల్లలు. ఒకటి మిషను పెడలు మీద ఎక్కి దిగుతోంది. రెండు దారపుండల బుట్టలో చిక్కుపడి గిలగిల్లాడుతున్నాయి. సోమవారం ఇవ్వాల్సిన తెల్లచొక్కాలు అయిదూ నేల మీదున్నాయి, వాటి మీద కోడిపిల్లలు చేయగలిగినవన్నీ చేశాయి. అక్కయ్య చేటతో వచ్చింది. నేను బల్ల కింద పాకాను. కత్తిరింపు ముక్కల సంచీలో చెయ్యి పెడితే మూడు తగిలాయి. అరగంటకి పదమూడు దొరికాయి. పద్నాలుగోది దొరకలేదు. గోడ పక్కన నాలుగు పసుపుపచ్చ ఈకలు పడి ఉన్నాయి. ఇందాక గద్ద ఒకటి కిందికి దిగి లేవడం చూశానని అక్కయ్య మెల్లిగా చెప్పింది.

పెట్టె తలుపు బార్లా తీసి ఉంది.

టైలరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. కోపం కన్నా భయమే ఎక్కువగా ఉంది ఆ మొహంలో. "గొళ్లెం ఎవరు తీసి వదిలేశారు?" అంది.

మామ్మగారు కర్ర మీద ఆనుకుని, తన కుడిచెయ్యి వంకే చూసుకుంటోంది. ఆ చెయ్యి గొళ్లెం పెట్టిందో లేదో దాన్నే అడుగుతున్నట్టుంది. మూడో అంతస్తూ, ఇనుప చువ్వలూ నా కళ్ల ముందు కూడా కదిలాయి.

"నేనే" అన్నాడు బావ.

అందరం ఆయన వైపు తిరిగాం.

"నేనే తీశాను. పిల్లలు ఎలా ఉన్నాయో చూద్దామని తీసి, గొళ్లెం పెట్టడం మర్చిపోయాను. పొరపాటైంది."

అక్కయ్య చేతిలో చేట కింద పడింది. అందులోని పిల్లలు నాలుగూ మళ్లీ మిషను కిందికి పరిగెత్తాయి. వాటిని పట్టుకోవాలని ఎవరికీ తోచలేదు. అక్కయ్య దగ్గరికెళ్లి ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

టైలరమ్మ మారు ప్రశ్న వేయలేదు. ఎలా వేస్తుంది? ఈ వీధిలో ఇంకెవరు "నేనే" అన్నా, ఎవర్నో కాపాడుతున్నారేమో అనుకోవచ్చు. తన తప్పే ఎన్నడూ ఒప్పుకోనివాడు పరాయి తప్పు నెత్తికెత్తుకుంటాడని దేవుడికి కూడా అనుమానం రాదు.

"పోన్లెండి అన్నయ్యగారూ, మనిషన్నాక మరుపు లేకుండా ఉంటుందా?" అంది ఆవిడ కంగారుగా. "ఒంట్లో బాగానే ఉందా?"

"నువ్వా?" అంది మామ్మగారు. కళ్లు చిట్లించి బావ మొహంలోకి పరీక్షగా చూసింది.

"నేనే మామ్మగారూ."

ఆవిడ నిట్టూర్చింది. ఆ తరవాత కర్ర పైకెత్తింది. పావుగంట సేపు తిట్టింది చూడండి, నేను ప్రెస్సులో ఇన్నేళ్లుగా చదువుతున్నా అన్ని మాటలు ఒక్కచోట చూడలేదు. బావ తల వంచుకుని, ప్రతి తిట్టుకీ "అవునండీ" అన్నాడు. తిట్లు అయిపోయాక టైలరమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, వయసు మీద పడింది. నాకు మరుపొస్తోంది. రోజూ అయిదింటికి మామ్మగారిని ఒక్కసారి మా వైపు పంపితే, నేను గొళ్లెం పెట్టానో లేదో చూసుకుంటారు. ఆవిడ లేకపోతే ఈ పిల్లలు నాకు దక్కవు."

ఆ మాట విన్నప్పుడు నాకు ఏడుపొచ్చింది. బావ మీద ప్రేమతో ఏడవడమన్నది నాకు కొత్త, అలవాటు లేక తుమ్మొచ్చినట్టు నటించాను.

టీ దగ్గర మాత్రం వదల్లేదు. ప్రూఫులు దిద్దేవాణ్ణి, నా ఎదురుగా తప్పు జరిగితే ఎలా ఊరుకుంటాను?

"బావా, ఒంటిగంట నుంచి మూడు దాకా నువ్వు చెట్టు మీదున్నావు. నిచ్చెన పట్టుకున్నది నేను."

"అయితే?"

"గొళ్లెం తీసింది నువ్వు కాదు."

"నేనే."

"చెట్టు మీద నుంచి తీశావా?"

"మరుపు మనిషినిరా. చెట్టెక్కిన సంగతి కూడా మర్చిపోయాను."

"అబద్ధం చెప్పానని ఒప్పుకో బావా."

"నేనెప్పుడైనా తప్పు చేశానా, ఒప్పుకోవడానికి?" అని గ్లాసు నా చేతిలో పెట్టి లేచిపోయాడు.

ఇప్పుడు రోజూ ఒకటే తంతు. మామ్మగారు మధ్యాహ్నం గొళ్లెం పెట్టి వెళ్లగానే బావ వెళ్లి లాగి చూస్తాడు. నాలుగింటికి మళ్లీ చూస్తాడు. సరిగ్గా అయిదుకి రెండు నిమిషాలుందనగా, శుభ్రంగా పెట్టి ఉన్న గొళ్లెం తనే తీసేసి, తలుపు బెత్తెడు తెరిచి, ఒక్క పిల్లా బయటికి రాకుండా కాలు అడ్డం పెట్టుకుని ఆకాశంలో గద్దని చూస్తూ నిలబడతాడు. మామ్మగారి కర్ర చప్పుడు వినపడగానే కాలు తీసేసి పక్కకి తప్పుకుని వెర్రిమొహం పెడతాడు. ఆ మొహం పెట్టడానికి ఆయనకి పెద్ద కష్టం అక్కర్లేదు.

నిన్న కూడా అంతే. ఆవిడ వచ్చింది, వంగింది, చూసింది.

"మళ్లీ మర్చిపోయావా డ్రైవరూ?"

"మర్చిపోయాను మామ్మగారూ."

ఆవిడ గొళ్లెం పెట్టి, రెండు సార్లు లాగి చూసి, గోడ అవతలికి వినపడేలా అరిచింది.

"అమ్మాయ్! ఫ్లాటుకి పంపాల్సింది నన్ను కాదే, వీణ్ణి. ఇంత మరుపు మనిషిని వదిలేసి నేనెలా వెళ్లేది? మీ మరిదికి చెప్పు, నాకిక్కడ బోలెడు పనుంది, రావడానికి కుదరదని!"