సముద్రం దాటి వచ్చిన మేనత్త

మా మేనత్త పోయిందన్న కబురు నాకు నల్గొండ అంగడిలో తెలిసింది. బడి వదిలాక కూరగాయలకని వెళ్లాను. గొర్రెలు అమ్ముకోవడానికి వచ్చిన మా ఊరి పెద్దమనిషి ఒకాయన నన్ను చూసి ఆగాడు. భుజం మీది గొంగడి సర్దుకుంటూ, "నీకు ఎరుక లేదా బిడ్డా? మీ అత్త పోయింది. నిన్న పొద్దుగూకంగ మట్టిల గల్పినం" అన్నాడు. ఆయన గొంతులో బాధ లేకపోలేదు. కానీ వెంటనే, "ఇగ మీ బాపుకు నిమ్మళం" అని కూడా అన్నాడు.

చెడ్డ ఉద్దేశంతో అన్న మాట కాదు. మూడోనాడు కాకి వచ్చి ముట్టాలని పిట్టకు పెట్టే వేళకైనా అందుకుందామని మర్నాడు తెల్లవారుతూనే తిరుమలగిరి బస్సు ఎక్కాను. దారి పొడుగునా ఆ మాట నా పక్కనే కూర్చుని వచ్చింది. ఒక అక్క పోతే తమ్ముడికి నిమ్మళం ఎందుకు కావాలి? అది తెలియాలంటే ఆమె సంగతి మొదటినుంచి చెప్పాలి.

మాది గొర్రెలు కాసుకునే ఇల్లు. ఆమె మా బాపుకు అక్క. పెళ్లయిన కొద్ది రోజులకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. ఊళ్లో ఉండి అందరి నోళ్లలో పడలేక, హైదరాబాదులో ఒక ఇంజనీరు ఇంట్లో పిల్లలను చూసుకునే పనికి కుదిరింది. కొన్నాళ్లకు ఆ ఇంజనీరుకు ఆఫ్రికాలో రైల్వే కొలువు దొరికింది. పిల్లలు ఆమె కొంగు వదల్లేదు. వాళ్లతోపాటే బొంబాయిలో ఓడ ఎక్కింది. తర్వాత యుద్ధం, ఆ తర్వాత మా దిక్కు రజాకార్ల గొడవలు. ఇంట్లోవాళ్లు ఆమె ఇక లేదనే అనుకున్నారట. నిజాం పాలన పోయి కొన్నేళ్లయ్యాక, ఒకనాడు ఎడ్లబండి మీద ఇనుప పెట్టెతో మా వాకిట్లో దిగింది. అప్పుడు నేను చిన్నపిల్లను. పెద్ద పెద్ద పూల అచ్చు ఉన్న పచ్చ బట్ట భుజాల మీద కప్పుకుని, ఎవరింటికో వచ్చిన దానిలా గడప ముందు నిలబడిన ఆమెను చూసి నేను అవ్వ వెనక దాక్కున్నాను.

ఊరంతా చూడవచ్చింది. అందరిదీ ఒకటే ప్రశ్న.

"సింహాన్ని చూసినవా?"

"చూసిన. పగలంతా చెట్టు కింద పండుకుంటది, మన బర్రెలెక్కనే" అన్నది ఆమె. అడిగినవాళ్లకు ఆ జవాబు రుచించలేదు. ఆ దేశంలో అమ్మను 'మామా' అంటారని చెబితే మాత్రం పిల్లలం పడీపడీ నవ్వాం.

ఆమెకు కొత్త అలవాట్లు వచ్చాయి. పాలు లేని చాయ తాగేది. మగవాళ్లతో మాట్లాడేటప్పుడు తల దించేది కాదు. అన్నిటికన్నా మా అమ్మను కలవరపెట్టింది ఇంకొకటి. గంపలు అమ్మే ఆమె వచ్చినా, చెప్పులు కుట్టే ఆయన వచ్చినా, వాకిట్లో నిలబడిన మనిషిని అరుగు చూపించి, "కూసో. ఎంతసేపు నిలబడ్తవ్, కాళ్లు నొయ్యవా?" అనేది. వాళ్లు బెదిరిపోయేవాళ్లు. అమ్మ లోపలినుంచి దగ్గేది. వచ్చినవాళ్లు ఇంకా దూరం జరిగి, నిలబడే పని ముగించుకుని పోయేవాళ్లు. 

ఎందుకట్లా చేస్తావని నేనొకసారి అడిగాను. ఇద్దరం ఉన్ని ఏకుతూ కూర్చున్నాం.

"ఆడ ఒకపారి రైలు స్టేషన్ల బల్ల మీద కూసున్న బిడ్డా. అది తెల్లోళ్ల బల్లనట. నాకేమెరుక? పోలీసోడొచ్చి గొర్రెను తోలినట్టు కట్టెతోటి కాళ్ల మీద తట్టిండు. లేచి నిలబడ్డ. పానం చివుక్కుమన్నది. వాని దిక్కు చూసిన. గంతకన్న ఏం జేస్త? ఇంటికొచ్చిన. వంట జేసే నల్లామె దూపయితుందన్నది. నేనేం జేసిన? చెంబు పైకెత్తి, ముట్టుకోకుంట ఆమె దోసిట్ల పోసిన. గట్ల పొయ్యిమని నాకెవ్వలు చెప్పలే. చెయ్యి దానంతట అదే లేచింది. ఆమె తాగుకుంట నా దిక్కు చూసింది. పోలీసోని దిక్కు నేను చూసిన చూపే అది."

ఆమె ఇంకో ఉన్ని పింజ చేతికి తీసుకుంది.

"మల్లొక ఏడు నాకు జెరం సోకింది. అంటుకుంటదని ఇంజనీరు దొర పిల్లలను దీస్కొని వేరే ఊరు పోయిండు. నన్ను వెనక అర్రల ఉంచిండ్రు. ఎవ్వలు రాలే. ఆ వంట జేసే ఆమెనే వచ్చింది. నా తల ఒళ్లె పెట్టుకొని గంజి తాపింది. ఆమె చేతి నీళ్లు తాగితే కులం పోతదనుకున్న. పానం నిలిచింది. అప్పటిసంది ఆమెను మామా అన్న."

ఈ కథను ఆమె ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమనేవాళ్లో ఆమెకు తెలుసు.

ఆ తర్వాత రెండు మూడేళ్లకు వానలు లేక కాలం కాలేదు. మా ఊళ్లో బావులకు కొదువ లేదు గానీ నోట్లో పోసుకోదగ్గ నీళ్లు ఒక్క బావిలోనే ఉండేవి. మిగతావన్నీ ఉప్పన. ఊరు అంటరానివాళ్లని దూరం పెట్టిన వాడకు ఆ బావి తాడు ముట్టే హక్కు లేదు. ఆ ఆడవాళ్లు కుండలు ముందు పెట్టుకుని, దూరంగా ఎండలో నిలబడి, ఊరివాళ్లు ఎవరైనా చేది పోస్తారేమోనని చూసేవాళ్లు. మా మేనత్త రోజూ వెళ్లి చేది పోసేది. దానికి ఎవరూ అడ్డం చెప్పలేదు. పుణ్యమే అన్నారు. ఒక పొద్దున చేతులు బొబ్బలెక్కి ఆమె తాడు ఆపింది. ముందు నిలబడ్డ ఆమెతో, "నాకు చాతనైతలేదు. ఇగో తాడు. నువ్వే చేదుకో" అన్నది.

ఆ మనిషి వెనక్కి జరిగింది. "వద్దమ్మా" అన్నది. మేనత్త తాడు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. ఆమె రెండు కుండలు చేదుకుంది. అంతే జరిగింది.

ఆ సాయంత్రానికే ఊరు అట్టుడికింది. పెద్దలు బాపును పిలిపించారు. బావి మైలపడింది, మీ అక్క నలుగురి ముందు తప్పయిందనాలి, లేకపోతే మీ ఇంటికి నిప్పు నీళ్లు బంద్ అన్నారు. మంగలి రావడం మానేశాడు. చాకలి మానేశాడు. మా గొర్రెల మందను ఊరి బీళ్లలోకి రానివ్వలేదు. చిట్యాల నుంచి మా అక్కకు కుదిరిన సంబంధంవాళ్లు, మీ ఇంటి లొల్లి తేలినంక చూద్దామని కబురు పంపారు. ఆ తర్వాత వాళ్లు మళ్లీ రాలేదు.

"అక్కా, ఒక్క మాట" అన్నాడు బాపు. "తప్పయిందను. మాటనే గద. నోటి మాట."

"తప్పు నేను జేసింది గాదు తమ్మీ. ఎట్లనాలె?"

"ఆడ ఎన్నో చూసొచ్చినవ్. మేం చూడలే. మాకు ఈ ఊరొక్కటే ఉన్నది."

 అప్పుడు లోపలినుంచి మా అక్క వచ్చింది. ఏడ్చి ఏడ్చి ముఖం వాచి ఉంది. "నీకు దేశాలు తిరిగితే తెలివొచ్చింది. నాకేమొచ్చింది అత్తా?" అని అడిగింది. 

అయినా ఆమెను కుంగదీసింది ఇంట్లోవాళ్ల మాటలు కాదు. రెండు రోజులకు, తాడు పట్టిన ఆ మనిషే మా పెరటి దడి అవతలికి వచ్చింది. ఆమె భర్తను పాలేరు జీతం నుంచి తీసేశారు. వాడలో ఎవరికీ పని చెప్పడం లేదు. "అమ్మా, నీ కాల్మొక్కుత, మాకిగ తాడియ్యకు. దూరంగనే నిలబడ్తం. మాకలవాటే" అని చేతులు జోడించింది.  ఆమె వెళ్లిపోయాక మేనత్త నావైపు తిరిగి, "నేను చూసింది నా కండ్లల్ల ఉన్నది. దాన్ని దీసి వీళ్ల కండ్లల్ల ఎట్ల వెట్టాలె బిడ్డా?" అన్నది. 

మర్నాడు పెద్దల ముందుకు తానే వెళ్లింది. తప్పయిందని చెప్పలేదు. "నేను మా తమ్ముని ఇంట్ల ఉండ. మీ బాయి నీళ్లు ముట్ట. ఇంటోళ్లను, వాడోళ్లను ఏమనకుండ్రి" అన్నది. వాళ్లకూ అదే కావలసింది. బాపుతో తప్పు కింద జరిమానా కట్టించుకుని మమ్మల్ని కులంలో కలుపుకున్నారు. వాడవాళ్లను కొన్నాళ్లకు మళ్లీ పనుల్లోకి పిలిచారు. మా మేనత్త ఊరి చివర, మా గొర్రెల దొడ్డి అవతల ఒక గుడిసె వేసుకుంది. వాగు ఇసుకలో వాడవాళ్లు తవ్వుకున్న చెలిమ నీళ్లే తాగింది. గొంగళ్లకు ఉన్ని వడికి బతికింది. అట్లా పది పన్నెండేళ్లు.

ఆ రోజుల్లో నేను మరిచిపోలేనిది ఒకటి ఉంది. మా అవ్వకు జబ్బు ముదిరిందని తెలిసి ఒక మధ్యాహ్నం ఆమె మా వాకిట్లోకి వచ్చింది. గడప దాటలేదు. నిలబడి, తల్లిని దూరంనుంచే చూసింది. ఎండలో నడిచి వచ్చిందేమో, "తమ్మీ, దూపయితుంది" అన్నది. బాపు చెంబుతో నీళ్లు తెచ్చాడు. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు చూస్తున్నారు. ఆయన చెంబు పైకెత్తాడు. ఆమె దోసిలి పట్టింది. ఆయన గబగబా పోస్తే నీళ్లు ఆమె మోచేతులమీదుగా కారిపోయాయి. "జర మెల్లగ పొయ్యి తమ్మీ, నీళ్లు పోతున్నయ్" అన్నది ఆమె, చిన్నప్పుడు ఆయనకు పని నేర్పినట్టు. ఆమె వెళ్లాక బాపు గొడ్ల కొట్టంలోకి పోయి చాలాసేపటిదాకా బయటికి రాలేదు.

నేను చదువు ముగించి పంతులమ్మనయ్యాక, సెలవులకు వెళ్లినప్పుడల్లా ఆమె గుడిసెలో కూర్చునేదాన్ని. మళ్లీ ఆఫ్రికా పోవాలని ఉందా అని అడిగితే నవ్వేది. "ఆడ ఉంటే ఈ ఊరి మన్ను వాసన యాదికొచ్చేది. ఈడికొచ్చినంక మామా చేతి గంజి యాదికొస్తుంది. నేను పోకపోతే నిమ్మళంగ ఉంటుంటి. అందరితోటి కలిసి, అందరి లెక్క." కాసేపాగి, "గని అట్ల నిమ్మళంగ ఉంటే ఏం లాభమో" అనేది. తను చేసింది ఒప్పు అని ఒక్కనాడూ గట్టిగా చెప్పలేదు. అక్క సంబంధం సంగతి వస్తే మాట మార్చేది. అక్కకు తర్వాత మహబూబ్‌నగర్ దిక్కు పెళ్లయింది. పుట్టింటికి వచ్చినా ఆ గుడిసె వైపు పోయేది కాదు.

నా తరగతిలో దూపతో లేచి, మంచినీళ్ల కుండ దాకా వచ్చి, అక్కడే ఆగిపోయే పిల్లలు ఉన్నారు. వాళ్లను చూసీ చూడనట్టు ఉండటం నాకు చేతకాదు. గ్లాసు చేతికిచ్చి ముంచుకొమ్మంటాను. దానికి పెద్దవాళ్లతో మాటలు పడ్డాను. ఇకముందూ పడతాను. ఈ చూపు మా మేనత్త ఇచ్చింది. ఆమె రుణం తీరేది కాదు. ఒక్కోసారి, ఇది ఇవ్వకుండా ఉంటే బాగుండేదని కూడా అనిపిస్తుంది.

నేను ఊరు చేరేసరికి పొద్దెక్కింది. ఆమె ఎట్లా పోయిందో బాపు చెప్పాడు. పొద్దున గుడిసె తలుపు తెరవకపోతే వాడవాళ్లే చూసి కబురు చెప్పారట. మోయడానికి కులంవాళ్లు వెనకాముందాడారట. గొయ్యి తవ్వింది వాడవాళ్లు. ఆ పనికి మాత్రం ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. మా అక్క అప్పటికే వచ్చి, ఆ గుడిసె ముందు కూలబడి ఉంది. అందరికన్నా ఎక్కువ ఏడ్చింది తనేనని అమ్మ చెప్పింది.

అందరం గొయ్యి దగ్గరికి వెళ్లాం. అన్నం, పప్పు, పాలు లేని చాయ మోదుగాకు విస్తరిలో, దొన్నెలో పెట్టి దూరం జరిగి నిలబడ్డాం. కాస్త అవతల, బండ మీద, ఇంకొక విస్తరి ఉంది. వాడవాళ్లు మాకన్నా ముందే వచ్చి పెట్టిపోయినట్టున్నారు. జొన్న సంకటి, ఉల్లిగడ్డ. పెద్దలలో ఒకాయన దాన్ని చూసి ముఖం చిట్లించాడు గానీ ఏమీ అనలేదు.

ఎక్కువసేపు కాలేదు. ఒక కాకి దిగింది. మా విస్తరిలో రెండు మెతుకులు అందుకుంది. ఎగిరి బండ మీదికి పోయి సంకటి ముద్దను పొడిచింది. మళ్లీ ఇటు గెంతుకుంటూ వచ్చింది.

"ముట్టింది, ముట్టింది. ఇగ పాండి" అన్నారు వెనకనుంచి. అందరూ ఊరివైపు కదిలారు. అక్క నా చెయ్యి పట్టుకుంది. బాపు కదల్లేదు. తలపాగా విప్పి చేతిలో పట్టుకుని, ఆ బండ మీది విస్తరికీ మా విస్తరికీ నడుమ గెంతుతున్న కాకిని, అది రెండూ తిని ఎగిరిపోయేదాకా, ఎండలో చూస్తూ నిలబడ్డాడు.